ఆఖరి పలక

మొన్న వానాకాలం మొదట్లో మా మనవరాలు ఆన్‌లైన్‌లో ఒక పెట్టె తెప్పించింది. అందులో చెక్క తెరచాప ఓడ ఒకటి ముక్కలు ముక్కలుగా ఉంది. ఓడ ఎముకలన్నీ మిషన్‌తో కోసి, నంబర్లు వేసి, పైన తాపడానికి సన్నటి చెక్క పట్టీలు రబ్బరు బ్యాండ్లతో కట్టలు కట్టి పంపారు. పిల్ల హాల్లో న్యూస్‌పేపర్లు పరుచుకుని, ఎదురుగా ఫోను నిలబెట్టుకుని, అందులో ఎవరో చెబుతుంటే ఒక్కో పట్టీ వంచి అతికించేది. నేను సోఫాలో కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతున్నట్టు నటిస్తూ చూసేదాన్ని. నోరు తెరిస్తే ఇక ఆపనని నా సంగతి నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నా ఆ గుణం పోలేదు.

మూడో రోజు ఉండబట్టలేక అనేశాను.

"ఒక్క పక్కనే వరసగా పెట్టుకుంటూ పోకు. ఎడమకొకటి పెడితే కుడికొకటి పెట్టాలి. లేకపోతే ఓడ మెడ తిరుగుతుంది."

"నీకెలా తెలుసు నానమ్మా? వీడియోలో కూడా అదే అన్నాడు!" అంది పిల్ల కళ్ళు పెద్దవి చేసి.

నేను చేటలోకి తల వంచుకున్నాను. ఇంకో వారానికి, ముక్కు దగ్గర ఒక పట్టీ వంచుతుంటే టిక్కుమని పగిలింది. పిల్ల ఒక్క క్షణం కూడా బాధపడలేదు. "పుట్టీ పెట్టేసి రంగు కొట్టేస్తే ఎవరికీ కనబడదు. అందరూ అదే చేస్తారు" అంది. అందులో తప్పేం లేదు. అది షోకేసులో పెట్టుకునే బొమ్మ. కానీ నేను కందిపప్పు చేట పక్కన పెట్టి లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాను. నాకు కూడా ఒకప్పుడు సరిగ్గా అదే ఆలోచన వచ్చింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

మా చాల్ సూరత్‌లో, సలాబత్‌పురాలో ఉండేది. కింద మరమగ్గాల షెడ్లు, పైన చెక్కమెట్లు ఎక్కితే వరసగా గదులు, గదికో కుటుంబం. అందరం తెలంగాణ నుంచి నేతపనికి రైలెక్కి వచ్చినవాళ్ళమే. మగ్గాల చప్పుడులోనే పుట్టి పెరిగాం కనుక ఆ చప్పుడు మాకు వినబడేది కాదు. కరెంటు పోయి మగ్గాలు ఆగిపోతే చంటిపిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాళ్ళు. ఇప్పుడా చాల్ లేదు. ఆ జాగాలో లిఫ్టులున్న చీరల మార్కెట్ వచ్చింది. మా పొయ్యి ఉండిన మూల ఎక్కడో కనిపెడదామని ఒకసారి వెళ్ళాను. సేల్స్‌మన్ నాకు నాలుగు చీరలు అంటగట్టి పంపాడు.

మా మెట్ల కింద చీకటి గదిలో ఒక ముసలి గుజరాతీ వడ్రంగి పనిచేసేవాడు. చాల్‌లో చిన్నా పెద్దా అందరికీ ఆయన దాదానే. మగ్గాలకు విరిగిన చెక్కభాగాలు మార్చడం, నాడెలు నున్నచేయడం ఆయన పని. నాడె అంటే మగ్గంలో పోగును ఇటునుంచి అటు మోసుకుపోయే చెక్కముక్క. రెండు కొసలూ మొనదేలి ఉంటుంది. హిందీ, గుజరాతీ, మా దగ్గర పట్టిన తెలుగు మూడూ కలిపి మాట్లాడేవాడు. "మా దాదాకే దాదాలు తాపీ నదీ కినారే మీద జహాజులు కట్టిండ్రు. నేను నాడెలు చెక్కుతున్న. ఇది కూడ నావనే, పానీ లేదు, అంతే" అనేవాడు. అని తనే నవ్వేవాడు.

ఆయన గదిలోకి అడుగుపెడితే టేకు పొట్టు వాసన, నూనె వాసన, గోడల చెమ్మ వాసన కలిసి ఒకటిగా తగిలేవి. మా గదిలో అయితే పులిసిన గంజి వాసన. మా అవ్వ, అంటే మేం బాపు అని పిలిచే మా నాన్న తల్లి, ఊళ్ళో చేమగ్గం రోజుల్లో పడుగుకు గంజి పెట్టిన చేయి. సూరత్‌కు వచ్చాక మరమగ్గానికి ఆ గంజితో పనిలేదు. అయినా ఆమె కుండ వదల్లేదు. బాపు ధోవతికి గంజి, పుస్తకాల అట్టలకు గంజి, గాలిపటాలకు గంజి, చిరిగిన క్యాలెండర్‌కు గంజి. "గంజి అతకనిది లోకంల లేదే" అనేది. నేనూ నమ్మాను.

దాదాకు ఒక మొక్కు ఉండేది. దాని సంగతి వాడకట్టంతా తెలుసు. ఆయన కొడుకు సరుకు తెరచాప ఓడల్లో పనిచేసేవాడు. ఒకసారి ఖర్జూరాలు తేవడానికి గల్ఫు వైపు పోయిన ఓడ తుఫానులో చిక్కి, ఇరవై రోజులు జాడ తెలియలేదట. దాదా సముద్రపు అమ్మవారికి మొక్కుకున్నాడు. కొడుకు తిరిగొస్తే ఓడ ఇస్తానని. దుంగ తొలిచి చేసిన బొమ్మ కాదు. వెన్నుబద్ద నిలిపి, ఎముకలు నాటి, పలక పక్కన పలక తాపిన నిజం ఓడ, మూరన్నర పొడవుది. కొడుకు వచ్చాడు. ఈ నెల కాదు వచ్చే నెల అనుకుంటూ దాదా మూడేళ్ళు గడిపాడు. నాలుగో ఏట అదే కొడుకు ఓడ మీదనుంచి సముద్రంలో పడిపోయాడు.

"ఏరు దాటినంక తెప్ప తగలవెట్టిండు ముసలోడు. అమ్మ ఊకుంటదా?" అనేది మా అవ్వ, ఆయనకు వినబడకుండా గొంతు తగ్గించి. ఆమె గొంతు తగ్గిస్తే మూడు గదుల అవతలిదాకా వినబడేది.

ఆ కొడుకుకు ఒక్కడే కొడుకు. అప్పటికి పద్దెనిమిదేళ్ళు. అక్కా చెల్లెళ్ళు లేరు. తండ్రిని మింగిన సముద్రమే కావాలన్నాడు వాడు. షెడ్డులో గుడ్డ తానులు మోసే పని చేస్తూ, మధ్యాహ్నం అన్నం వేళ తాపీ గట్టుకు పోయి కూర్చునేవాడు. రేవులో ఒక తండేలు, అంటే ఓడ నడిపే పెద్ద, వాడిని తన ఓడలో తీసుకుపోతానని మాటిచ్చాడు. వానలు తగ్గి కొబ్బరికాయ పున్నమి నాడు సముద్రానికి టెంకాయ ఇచ్చాక ఓడలు కదులుతాయి. తల్లి మాత్రం ఒక్కటే మాట మీద ఉంది. మామ మొక్కు తీర్చి, అమ్మవారు సరేనన్నాకే తన కొడుకు ఓడ ఎక్కుతాడు. లేకపోతే తన శవం దాటి ఎక్కాలి.

పున్నమికి ఇంకా రెండు నెలలుంది. దాదా వెన్నుబద్ద నిలిపాడు, ఎముకలు నాటాడు. అక్కడ ఆగిపోయాడు. ఆయన చేతులు వణికేవి. బాడిశ పడితే ఆ బరువుకు వణుకు కొంచెం ఆగేది. గోరు మందం పలకను వంచి, సూది లావు వెదురు మేకు దించాలంటే ఆ చేతుల వల్ల కాలేదు. ప్రయాణం చేసేవాడు తన మొక్కు ఓడను ముట్టకూడదని వాళ్ళ ఆనవాయితీ కనుక మనవడు చేయి వేయడానికి లేదు.

ఒకరోజు నేను షెడ్డులో బాపు పక్కన నిలబడి తెగిన పోగులు అతుకుతుంటే దాదా చాలాసేపు చూశాడు. తరవాత బాపుతో అన్నాడు.

"ఈ దీక్రీ ఉంగళ్ళు నాకు ఇయ్యి భాయ్. పున్నం దాకా."

దీక్రీ అంటే వాళ్ళ భాషలో కూతురు, ఉంగళ్ళంటే వేళ్ళు. బాపు మగ్గం ఆపి ఆలోచించాడు. బాపు దేనికీ మగ్గం ఆపడు. అవ్వ విని లబోదిబోమంది. "ఆడిపిల్ల ఉలి పట్టుడేందిరా? రేపు అత్తగారింట్ల కట్టెలు చెక్కుతదా?"

"అమ్మవారి పనే అవ్వా. ఒక పిలగాని బతుకు దాని మీద ఉన్నది. కాదనొద్దు" అన్నాడు బాపు. అంతే, రోజూ బడి వదలగానే నేను మెట్ల కింద గదిలో ఉండేదాన్ని.

పలకల కోసం దాదా దాచిన చెక్క ఒకటుంది. ఆయన తాత కాలంలో ఒడ్డున విప్పేసిన ఓడ చుక్కాని ముక్క, ముదురు టేకు. దాన్ని కోస్తే పక్కకు పదకొండు చొప్పున ఇరవై రెండు పలకలు వచ్చాయి. ఇరవై మూడోది రాలేదు. "హుషారుగ చెయ్యాలె. దీనికి బదలీ లేదు" అని నాకు చూపించాడు.

ఒక్కో పలకను వేడినీళ్ళలో, మా అమ్మ అన్నం వార్చేంతసేపు ఉంచాలి. తీసి, నిప్పులు నింపిన ఇనుప గొట్టం మీద ఆనించి కొంచెం కొంచెంగా వంచాలి. "హళ్వే, హళ్వే" అనేవాడు దాదా, అంటే మెల్లగా మెల్లగా అని. "లకడి మాట వింటది. లేకిన్ దేర్‌గ వింటది. మీ అవ్వ లెక్క." వంగిన పలకను ఎముకల మీద పెట్టి, బర్మాతో తూట్లు వేసి, వెదురు మేకులు దించేదాన్ని. ఎడమకొకటి, కుడికొకటి. పలకకూ పలకకూ మధ్య సందులో నూలు పోగులు కూరేవాళ్ళం. పైన అవిసె నూనెలో కరిగించిన గుగ్గిలం పోసేవాడు దాదా. గుగ్గిలం కరుగుతుంటే మెట్లంతా ధూపం వేసిన వాసన. అవ్వ పనిగట్టుకుని కిందికి దిగి గుమ్మంలో నిలబడి ముక్కునిండా పీల్చి, "జర చూసి చెయ్యుండ్రి, చెయ్యి కాలగలదు" అని ఏదో చెప్పడానికి వచ్చినట్టు చెప్పి పోయేది.

సాయంత్రం ఆయన కాగితంలో సేవ్ ఖమణి అనే శనగపప్పు చిరుతిండి తెప్పించేవాడు. పైన దానిమ్మ గింజలు ఉంటే అవి నాకు. అమ్మ సర్వపిండి పంపేది. దాన్ని ఆయన వాళ్ళ మసాలా రొట్టె పేరుతో "తెలుగు థేప్లా" అని పిలిచి పళ్ళు లేని నోటితో ఎంతో సేపు నమిలేవాడు. ఆఖరి పలక పెట్టిన రోజు పంచడానికని బెల్లం ఒక డబ్బాలో దాచాడు. అందులోంచి రోజూ కొంచెం గిల్లుకుని తినేదాన్ని. ఒకరోజు మూత తీస్తే డబ్బా మళ్ళీ నిండుగా ఉంది. నేను సిగ్గుపడి రెండు రోజులు మానేశాను. మూడో రోజు మళ్ళీ మొదలుపెట్టాను.

ఆఖరి పలక గురించి ఆయన ముందే చెప్పాడు. "మిగిలినవి ఎవరన్న పెట్టొచ్చు. ఆఖ్రీది మేస్త్రీయే పెట్టాలె. అది పెట్టినోడే జహాజుకు జామీను. మునిగినా తేలినా వాడే జవాబు చెప్పాలె. అది నేను పెడత. నువ్వు ముట్టకు."

పున్నమికి ఎనిమిది రోజులుందనగా దాదాకు జ్వరం వచ్చింది. అప్పటికి ఇరవై పలకలు అయ్యాయి. ఇరవై ఒకటోది నేనే పెట్టాను, బాగా కుదిరింది. ఆఖరిది అక్కడే బల్ల మీద ఉంది. కడుపు భాగంలో, వెన్నుబద్ద పక్కన చిన్న ఖాళీ మిగిలింది. ఆ ఖాళీని చూసి వదిలి రాలేకపోయాను. దాదాకు సాయం చేద్దామనుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధం. ఓడ మొత్తం ఈ పిల్లే పూర్తిచేసిందని వాడకట్టులో అందరూ అనుకోవాలని నా ఆశ. ఒట్టి గొప్ప.

ఎవరైనా వస్తారేమోనని భయం. నీళ్ళు సరిగ్గా కాగకముందే పలక తీశాను. గొట్టం మీద ఆనించి వంచాను. హళ్వే అనడానికి దాదా లేడు. టిక్కుమంది. మూడువేళ్ళ పొడవున చీలిక పడింది.

ఏడవలేదు. ఆ వయసులో దొరకకుండా ఉండటం ఎలాగనేదే మొదట తోస్తుంది. గుగ్గిలం కూరితే నల్లగీత కనబడుతుంది. పైకి పరుగెత్తి, అవ్వ కునుకు తీస్తుంటే కుండలోంచి గరిటెడు గంజి తెచ్చాను. టేకు పొట్టు మెత్తగా జల్లించి కలిపాను. చీలికలో నొక్కి, బొటనవేలితో రుద్ది, ఆరాక నూనె పూశాను. చెక్కలో చెక్కలా కలిసిపోయింది. మేకులు దించాను. నా కళ్ళకే చీలిక దొరకలేదు. ఓడను గుడిలో అరుగు మీద పెడతారని, ఇక దాన్ని ఎవరూ కదిలించరని నేననుకున్నాను. నీళ్ళలో పెడతారని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

రెండు రోజుల తరవాత దాదా గోడ పట్టుకుంటూ ఒంటరిగా వచ్చాడు. ఓడను ఎత్తి, కంటికి దగ్గరగా పెట్టుకుని, ఆ కొసనుంచి ఈ కొస దాకా చూశాడు. ఆయన చూపు అప్పటికే మసక. వేలు మెల్లగా పలకల మీద నడిపించాడు.

"ఆఖ్రీ పలక ఎవరు పెట్టిండ్రు?"

"నేనే" అన్నాను.

తిడతాడనుకున్నాను. ఆయన కళ్ళు తడి అయ్యాయి. "మంచిగ పెట్టినవ్ దీక్రీ. లేకిన్ ఎవరికీ చెప్పకు. నేను పెట్టిన అని చెప్త. ఇంత చిన్న పిల్ల మీద జామీను ఉండొద్దు" అన్నాడు.

అప్పుడే చెప్పవలసింది. ఆ తరవాత మూడు రోజులున్నాయి, అప్పుడైనా చెప్పవలసింది. ఒకసారి ఆయన తెరచాపకు తాళ్ళు పేనుతూ కూనిరాగం తీస్తుంటే దగ్గరికి వెళ్ళి "దాదా" అన్నాను. "బోల్ దీక్రీ" అన్నాడు. "ఏం లేదు" అని వచ్చేశాను. బెల్లం పంచారు. రోజూ దొంగతనంగా గిల్లుకుని తిన్నదాన్ని, ఆ రోజు నా వాటా బెల్లం అవ్వ చేతిలో పెట్టేశాను.

పున్నమికి ముందురోజు పొద్దున్నే వాళ్ళ ముంగిట్లోకి వెళితే, దాదా కోడలు పెద్ద రాగి గంగాళం చింతపండుతో తోముతోంది. దేనికని అడిగాను. ఓడను నీళ్ళలో తేలవేస్తారట. లోపల గుప్పెడు బియ్యం పోస్తారట. మధ్యాహ్నం దాకా బియ్యం పొడిగా ఉంటే అమ్మవారు మొక్కు అందుకున్నట్టు. తడిస్తే కాదన్నట్టు. గంజి నీళ్ళలో ఎంతసేపు ఉంటుందో నేత ఇంటి పిల్లకు ఒకరు చెప్పాలా?

తండేలు పంపిన మనిషి కుర్రవాణ్ణి తీసుకుపోవడానికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కుర్రవాడి కొత్త క్యాన్వాసు సంచి గుమ్మం పక్కన సిద్ధంగా ఉంది. సన్నగా తుంపర పడుతోంది. దాదా ఓడను నీళ్ళ మీద వదిలాడు. అది నిటారుగా, ఏ పక్కకూ ఒరగకుండా నిలబడింది. అందరూ చేతులు జోడించారు. కోడలు గుప్పెడు బియ్యం పోసింది. మా అమ్మ, బాపు, అవ్వ అందరూ అక్కడే ఉన్నారు. నేను బాపు వెనక నిలబడ్డాను. ఇప్పుడు చెప్పినా ఓడను బయటికి తీసి బాగుచేసుకోవచ్చని నాకు తెలుసు. అందరూ నావైపు తిరుగుతారని కూడా తెలుసు. బాపు చొక్కా కొస పట్టుకుని ఇంకా వెనక్కి జరిగాను.

మధ్యాహ్నం కోడలు ఓడలో చేయి పెట్టింది. తీసేసరికి వేళ్ళకు తడిబియ్యం అంటుకుని ఉంది.

ఆమె లోపలికి పోయి, సంచిలోంచి కొడుకు బట్టలు ఒక్కొక్కటే తీసి దండెం మీద వేయడం మొదలుపెట్టింది. కొడుకు "అమ్మా, చెక్క కదా, ఒక చుక్క ఎక్కడినుంచో..." అంటూ వెంట తిరిగాడు. ఆమె తన పని ఆపలేదు. దాదా ఓడను ఎత్తి బోర్లా తిప్పి, కడుపు కింద వేలు పెట్టాడు. ఆ వేలు ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. పులిసిన గంజి వాసన ఆయనకు కొత్త కాదు, పదేళ్ళుగా మా మెట్ల కిందే ఉన్నాడు. తల ఎత్తాడు. ఆయన చూపు నా దాకా వచ్చి, నా మీద నిలవకుండా దాటిపోయింది.

"నా చెయ్యి వణికింది" అన్నాడు అందరితో. "ఆఖ్రీ పలక నాది. తప్పు నాది."

అందరూ నమ్మారు. ఆయన చేతులు అప్పుడు కూడా వణుకుతూనే ఉన్నాయి.

మర్నాడు పున్నమి. మా మగవాళ్ళు కొత్త జంధ్యాలు వేసుకున్నారు. గుజరాతీ ఇళ్ళలో రాఖీలు. ఆ కుర్రవాడు గడప మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంటే, అమ్మకు జాలేసి "పోయి కట్టవే, అక్కా చెల్లె లేని పిలగాడు" అని నా చేతికి రాఖీ ఇచ్చింది. కట్టాను. వాడి ముఖం చూడకుండా కట్టాను.

తండేలు ఓడ ఎండాకాలంలో క్షేమంగా తిరిగొచ్చింది. వాళ్ళింటికి ఖర్జూరాల బుట్ట పంపాడు. కుర్రవాడు దాన్ని ముట్టలేదని అమ్మ చెప్పింది. దాదా ఆ పలక విప్పేసి మామూలు టేకు ముక్క వేసి, ఓడను అమ్మవారి దగ్గర పెట్టి వచ్చాడు. కానీ కోడలు "అమ్మవారు ఒకసారి చెప్పింది, చాలు" అంది. కుర్రవాడు మా బాపు దగ్గర మగ్గం నేర్చుకున్నాడు. దాదా దగ్గరికి నాడెలు తెచ్చేవాళ్ళు "దాదా, నాడెల కూడ నీళ్ళు కారయి కదా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. తాతల నాటినుంచి ఓడలు కట్టిన ఇంటివాడు ఆ మాటకు నవ్వవలసి వచ్చింది. నేను అటు పోవడం మానేసి, వెనకవైపు మెట్లు వాడేదాన్ని. రెండు మూడుసార్లు ఆయనే కబురు పెట్టాడు, నాడెలు నున్నచేయడానికి రమ్మని. బడిలో పరీక్షలున్నాయని చెప్పించాను. మరుసటి వానాకాలంలో ఆయన పోయాడు.

ఆ ఏడు రాఖీకి దాదా మనవడు రాలేదు. తరవాతి రెండేళ్ళూ రాలేదు. షిఫ్టు ఉందన్నాడట. నా రాఖీని బాపు షెడ్డుకు తీసుకుపోయి ఇచ్చేవాడు. నాలుగో ఏట తనే మా గుమ్మంలోకి వచ్చి చేయి చాపాడు. అప్పటినుంచి ఒక్క ఏడు తప్పలేదు. నాకు పెళ్ళయినా, ఉద్యోగం వచ్చినా, బదిలీలైనా, ఆ పున్నమికి సూరత్‌లోనే ఉండేదాన్ని. సొంత అన్నల్లేని నాకు పుట్టింటి చీర ఆయనే పెట్టేవాడు. మగ్గాల షెడ్డు ఊరి బయట జోల్వాకు మారితే ఆయన కుటుంబంతో అటే వెళ్ళాడు. ప్రతి ఏడూ ఈసారి చెబుతాననే అనుకుంటూ వెళ్ళేదాన్ని. పేడా తినిపించి, చీర తీసుకుని, చెప్పకుండానే వచ్చేదాన్ని.

ఈ ఏడు మాత్రం మనవరాలి పుట్టీ మాట విన్నాక పాతిక రోజులు నాకు సరిగ్గా నిద్ర లేదు. పున్నమినాడు పొద్దున్నే ఆటో కట్టించుకుని జోల్వా వెళ్ళాను.

ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి. యాభై ఏళ్ళు మగ్గాల మధ్య నిలబడ్డ చెవులు, ఇప్పుడు బాగా మందం. వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. పక్కనే మనవలు ఆడుకుంటున్నారు, ఆయన కోడలు లోపల చాయ్ పెడుతోంది. ఇంటి వెనక షెడ్డులో మగ్గాలు నడుస్తున్నాయి. రాఖీ చేతిలో పట్టుకుని, తల వంచుకుని, మెల్లగా మొదలుపెట్టాను.

"భయ్యా, ఆ ఓడ ఆఖరి పలక దాదా పెట్టలేదు."

"ఏంది?" చెవి దగ్గర చేయి పెట్టుకున్నాడు.

"దాదా పెట్టలేదు, నేను..."

"జర గట్టిగ చెప్పు చెల్లె. ఏం వినస్తలేదు."

యాభై అయిదేళ్ళు నోట్లో దాచుకున్నదాన్ని గుసగుసగా చెప్పి బయటపడదామనుకున్నాను. నాకా అదృష్టం కూడా లేకపోయింది. మగ్గాల చప్పుడు మీదుగా అరవవలసి వచ్చింది.

"ఆ పలక నేను పెట్టిన! పగిలితే గంజి పెట్టి దాచిన! నీ సముద్రం నేను పోగొట్టిన భయ్యా!"

పిల్లలు ఆట ఆపారు. కోడలు చాయ్ గ్లాసులతో గుమ్మంలో నిలబడిపోయింది. ఆయన చెవి దగ్గరి చేయి దించాడు.

"ఎందుకట్ల ఒర్రుతవ్. నాకెరుకే" అన్నాడు.

నేను పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాను. ఆయన నింపాదిగా చెప్పాడు. చుట్టూ తెలుగువాళ్ళే కనుక ఆయన తెలుగు మా తెలుగే.

"దాదా పోయేముందు చెప్పిండు. అమ్మవారు నన్ను కాదన్నదని నేను కుమిలిపోతున్న అప్పుడు. 'అమ్మవారు ఏమనలే బేటా, ఒక చిన్న పిల్ల భయపడ్డది, అంతే' అన్నడు. ఆ పిల్లను ఎన్నడు అడగొద్దని నాతోటి ఒట్టు వేయించుకున్నడు."

"కోపం రాలేదా?"

"రాకేం? మస్తు వచ్చింది. మూడేండ్లు మీ బాపు తెచ్చిన రాఖీలు కట్టుకోలే. మగ్గం కింద పడేసిన. పోయి అందరి ముందట నిన్ను అడగాల్నని ఎన్నిసార్లో లేచిన."

"మరి నాలుగో ఏడు ఎందుకొచ్చినవ్?"

ఆయన పిల్లలను అవతలికి పొమ్మని చేయి ఊపాడు.

"ఆ ఏడు మా అమ్మ పోయింది. పండుగనాడు ఒక్కన్నే బజార్ల నిలబడితే అందరి చేతులకు రాఖీలున్నై. అప్పుడనుకున్న, సముద్రం ఎట్లాగు పోయింది. నిన్ను అడిగితే నువ్వు మొఖం చూపియ్యవు, చెల్లె కూడ పోతది. ఇగ అడగొద్దనుకున్న."

"కోపం పోయిందా?"

"పోలే. ఎండకాలం ఓడలు తిరిగొచ్చే దినాలల్ల ఇప్పటికి వస్తది. వచ్చి పోతది."

నాకు ఏడుపు ఆగలేదు. క్షమించానని ఆయన అనలేదు. అననందుకే నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. లేచి వెళ్ళిపోవాలో ఉండాలో తెలియక రాఖీని చేతిలో నలుపుతూ కూర్చున్నాను. ఆయనే చొక్కా చేయి పైకి మడిచి మణికట్టు నా ముందు పెట్టాడు.

"ఇన్నేండ్లు నాకు తెలిసి కట్టిచ్చుకున్న, నాకు తెల్వదనుకొని నువ్వు కట్టినవ్. ఈసారి ఇద్దరికి ఎరుకై కట్టు."

ముడి వేయడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆయన చేయి కదల్చకుండా పట్టుకుని కూర్చున్నాడు.